ఆరిన కొవ్వొత్తి వాసన

మొన్న మా మనవరాలి మూడో పుట్టినరోజు చేశాం. కేకు మీద మూడు కొవ్వొత్తులు పెడితే పిల్ల బుగ్గలు పూరించి ఊదింది. ఉమ్మి తప్ప గాలి రాలేదు. వాళ్ల నాన్న వెనకనుంచి సాయం ఊదాడు. అందరూ చప్పట్లు కొడుతుంటే ఆరిన వత్తుల నుంచి సన్నగా పొగ లేచి నా దాకా వచ్చింది. కాలిన దారం, వేడి మైనం. అంతే, కూకట్‌పల్లి ఫ్లాటు, బెలూన్లు, పిల్లల అరుపులు అన్నీ ఎటో పోయాయి. నేను ఒహాయోలో, సోయా చేల మధ్య ఒక రేకుల షెడ్డులో, అప్పుడే తెరిచిన తుపాకీ బోల్టు ముందు కూర్చుని ఉన్నాను.

పాయింట్ 22 అనే చిన్నరకం తూటాకి ముందుండే సీసపు బుల్లెట్ మీద మైనం పూత ఉంటుంది. పేలినప్పుడు మందుతో పాటు ఆ మైనమూ కాలుతుంది. బోల్టు వెనక్కి లాగగానే ముక్కుకి తగిలేది ఇదిగో, ఈ పుట్టినరోజు వాసనే. పదిహేనేళ్లకు పైగా నా శనివారాలన్నీ అందులోనే గడిచాయి.

ఈ సంగతి ఇక్కడ ఎవరికీ పెద్దగా చెప్పలేదు. అమెరికాలో ఏం చేసేవారండీ అంటే టూల్ డిజైన్ అంటాను. అది నిజమే. సెలవు రోజుల్లో ఒక ముసలాయన దగ్గర జీతం లేకుండా తుపాకుల పని నేర్చుకున్నానంటే మాత్రం ఎదుటివాళ్ల ముఖం మారిపోతుంది. వాళ్లకి సినిమాలో విలన్ కనిపిస్తాడు. మేం చేసిన తుపాకీలు వేటకి పనికిరావు, కాపలాకి పనికిరావు. బల్ల మీద, ఇసుక సంచుల మీద పడుకోబెట్టి, 50 గజాల దూరంలో ఉన్న కాగితం మీది చుక్కని కొట్టడానికి తప్ప దేనికీ పనికిరావు. దాన్నే బెంచ్‌రెస్ట్ అంటారు. చక్రం తిప్పి, మర తిప్పి, ఊపిరి బిగబట్టి ఒక కాగితానికి చిల్లు పెట్టడం. మా ఆవిడ మాటల్లో చెప్పాలంటే, "ఇంతదానికి అంత దూరం పోవాల్నా?"

*

మా నాన్న టర్నర్. సిద్దిపేట దగ్గరి పల్లె నుంచి వచ్చి బాలానగర్‌లో ఒక చిన్న షెడ్డులో లేత్ మీద బతుకంతా గడిపాడు. మేం ఆ షెడ్డు వెనక గదిలోనే ఉండేవాళ్లం. రాత్రిళ్లు అర్జెంటు ఆర్డరుంటే గోడ అవతల లేత్ తిరుగుతూనే ఉండేది. దాని చప్పుడుకి నిద్ర పట్టేది. ఆగిపోతే మెలకువ వచ్చేది. నల్లటి కటింగ్ ఆయిల్ వాసన నాన్న చొక్కాల్ని ఎన్నిసార్లు ఉతికినా వదిలేది కాదు. కోడిగుడ్డు మురిగినట్టుండే గంధకం వాసన అది. స్కూల్లో నా పక్కన కూర్చున్నవాడు ఒకసారి ముక్కు మూసుకుంటే ఏడ్చుకుంటూ ఇంటికి వచ్చాను.

నాన్నకి ఇంగ్లీషు రాదు కానీ థౌ అంటే తెలుసు. అంగుళంలో వెయ్యో వంతు. మన తల వెంట్రుక మూడు థౌల దాకా ఉంటుంది. పని అయ్యాక జాబ్ మీద, అంటే కోసిన ముక్క మీద, బొటనవేలి గోరు నెమ్మదిగా గీసి, "ఇంకో అర థౌ తియ్యాలె" అనేవాడు. మైక్రోమీటర్ పెడితే అంతే చూపించేది. "గేజి తర్వాతరా. ముందు చెయ్యి చెప్పాలె, గేజి ఒప్పుకోవాలె" అనడం ఆయన అలవాటు. నాకు ఆ మాట వింటే చిరాకు. నేను బాలానగర్‌లోనే సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్‌లో చదువుకున్నవాణ్ని కదా, డ్రాయింగులో టాలరెన్సు రాసి ఉండగా గోరుతో ఏం పని అనుకునేవాణ్ని.

ఆ చదువు నన్ను ఒహాయోలో డేటన్ దాకా తీసుకెళ్లింది. ఆ ఊరి చుట్టూ పనిముట్లూ అచ్చులూ చేసే టూల్ అండ్ డై షాపులు ఒకప్పుడు వీధికొకటి ఉండేవట. నేను వెళ్లేసరికి సగం మూతపడ్డాయి. మా ఆఫీసులో పనిచేసే ఒకాయన ఒక శనివారం "నీకు లేత్ అంటే ఇష్టమన్నావు కదా, ఒకటి చూపిస్తా రా" అని కారెక్కించుకుని పోయాడు. గంట ప్రయాణం. చివర రెండు మైళ్లు కంకర రోడ్డు.

షెడ్డు తలుపు తీయగానే ముందు వాసన తగిలింది. అదే నల్లనూనె, అదే గంధకం. ఎనిమిదివేల మైళ్లు దాటొచ్చి నాన్న చొక్కాలోకి దూరినట్టయింది. లోపల ఒక కట్టెల పొయ్యి, దాని పక్కన ముసలి కుక్క, మధ్యలో పాత సౌత్ బెండ్ లేత్. పక్క రాష్ట్రం ఇండియానాలో సౌత్ బెండ్ అనే ఊళ్లో తయారైనదే, ఊరి పేరే దానికీ. పట్టాలు రాజుగారి అద్దంలా మెరుస్తున్నాయి. దాని వెనక నుంచి ఒక పొడుగాటి పెద్దాయన కళ్లద్దాలు నుదుటి మీదికి నెట్టుకుని నన్ను చూశాడు. కార్ల విడిభాగాల ఫ్యాక్టరీలో ముప్ఫై ఏళ్లకు పైగా డై మేకరు, రిటైరయ్యాక తుపాకుల లైసెన్సు తీసుకుని ఈ పని. అందరూ ఆయన్ని పేరు పెట్టి పిలిచేవాళ్లు, ఇరవయ్యేళ్ల కుర్రాళ్లతో సహా. నాకు నోరు తిరగలేదు. చివరిదాకా 'సర్' అనే అన్నాను. మొదట్లో విసుక్కుని, తర్వాత వదిలేశాడు.

అప్పటికి నాది వర్క్ వీసా. ఆ వీసా మీద ఉన్నవాళ్లు, కొన్ని మినహాయింపులు తప్ప, తుపాకీ దగ్గర పెట్టుకోవడం నేరం. ఆ మాట ఆయనే ముందు చెప్పాడు. "బారెల్ ఒక ఇనుప గొట్టం. అది పట్టుకో, ఎవడూ ఏమీ అనడు. మిగతాది గ్రీన్ కార్డు వచ్చాక." అలా కొన్నేళ్లు నేను గొట్టాలు తప్ప ఇంకేమీ ముట్టుకోలేదు. ఇప్పుడాలోచిస్తే అదే మంచిదయింది.

*

రిమ్‌ఫైర్ అంటే ఏమిటో రెండు ముక్కలు చెప్పకపోతే ఈ గొడవంతా అర్థం కాదు. పెద్ద తూటాలకి అడుగున మధ్యలో పేలే మందున్న చిన్న కప్పు ఉంటుంది. పాయింట్ 22 తూటాకి అలా ఉండదు. దాని ఇత్తడి గొట్టం అడుగున చుట్టూ అంచు ఉంటుంది, పేలే మందు ఆ అంచు మడతలో ఉంటుంది. ఫైరింగ్ పిన్ ఆ అంచుని నొక్కి చితక్కొడితే పేలుతుంది, అందుకే ఆ పేరు. 1887 నుంచీ ఈ లాంగ్ రైఫిల్ తూటా ఇలాగే ఉంది.

పెద్ద తుపాకులవాళ్లు ఖాళీ తూటాల్ని మళ్లీ నింపుకుంటారు. మందు తూచుకుంటారు, బుల్లెట్ ఎంత లోతుకి దిగాలో చూసుకుంటారు, తమ తుపాకీకి ఏది పడుతుందో అదే వండుకుంటారు. మాకు ఆ వీలు లేదు. అంచు ఒకసారి చితికితే అయిపోయింది. ఇంగ్లండులో ఈలీ వాళ్లో, ఫిన్లండ్ కంపెనీ లాపువా వాళ్లో ఏది చేసి పంపితే అదే పెట్టుకోవాలి. వంట మన చేతుల్లో లేదు, హోటలు భోజనమే. ఏ వంటకైనా అలవాటుపడే పొట్టని తయారుచేసుకోవడమే తుపాకీ చేసేవాడి పని. ఈ పోలిక నాదే, పెద్దాయనకి చెప్తే చాలాసేపు నవ్వాడు.

ఒకే కంపెనీ, ఒకే రకం, ఒకే ధర ఉన్నా ఒక లాట్, అంటే ఒక దఫాలో చేసిన తూటాలు, ఒక బారెల్‌కి పడితే ఇంకో లాట్ పడదు. ఈలీ టెనెక్స్ పెట్టె మీద లాట్ నంబరూ, వేగమూ అచ్చు వేసి ఉంటాయి. ఎవరి దగ్గర ఏ లాట్ ఉందో కనుక్కోవడానికి పెద్దాయన గోడకున్న తీగ ఫోను చెవికి పెట్టుకుని సాయంత్రాలు గడిపేవాడు. వేరే రాష్ట్రంలో ఎవరిదో కొట్లో మంచి లాట్ రెండు కేసులు మిగిలాయని తెలిస్తే, పెళ్లి సంబంధం కుదిరినట్టు హడావుడి. కేసంటే 5,000 తూటాలు. ముందు నాలుగు పెట్టెలు తెప్పించుకుని పరీక్షించి, బాగుంటే మిగతావి కొనేలోపు ఇంకెవడో ఎగరేసుకుపోయేవాడు. 2013 ప్రాంతాల్లో అమెరికా అంతటా 22 తూటాలకి కరువొచ్చింది. అప్పుడు కుళాయి దగ్గర బిందెల్లా కొట్ల ముందు పొద్దున్నే జనం నిలబడటం చూశాను.

*

పని ఎప్పుడూ సీసం ముక్కతోనే మొదలయ్యేది.

కొత్త బారెల్ అంటే అప్పటికే లోపల గాడులు వేసి, సీసంతోనే చేత్తో నునుపు చేసి పంపిన గొట్టం. మోంటానాలో లిల్యా వాళ్లది, టెక్సాస్‌లో షైలెన్ వాళ్లది, అలా వచ్చేవి. గాడులు 16 అంగుళాలకి ఒక చుట్టు తిరుగుతాయి. అలా వచ్చినదాన్ని లేత్‌కి ఎక్కించే ముందు పెద్దాయన బల్ల మీద మెత్తటి గుడ్డలు చుట్టి వైస్‌లో బిగించేవాడు. నూనె రాసిన మెత్తని సీసం ముక్కని చివర్లో సుత్తితో చిన్నగా దిగ్గొట్టి, కడ్డీ పెట్టి లోపలికి నెట్టడం మొదలుపెట్టేవాడు. రేడియో ఆపేసేవాడు. కుక్కని కూడా బయటికి పంపేవాడు.

కడ్డీ పిడి అరచేతిలో ఉంటుంది, మెల్లగా, ఒకే బలంతో నెట్టాలి. సీసం గాడుల్లో తిరుగుతూ పోతుంది. ఒకచోట వెన్నలోకి దిగినట్టు జారిపోతుంది. ఇంకోచోట ఎవరో అవతలి నుంచి వేలు అడ్డం పెట్టినట్టు ఆగుతుంది. ఆ తేడా అంగుళంలో పదివేల వంతులు ఒకటో రెండో. ఏ గేజీ సుఖంగా దూరని చోట అరచేతికి దొరికే తేడా అది. ఆయన ఆగిన చోటల్లా బయట మార్కర్‌తో గీత పెట్టేవాడు. అటునుంచి ఇటు, ఇటునుంచి అటు, పదిసార్లు. తర్వాత నా చేతికిచ్చి, తన గీతల మీద టేపు అంటించి, నన్ను పెట్టమనేవాడు. మొదటి ఏడాది నా గీతలు ఎక్కడెక్కడో ఉండేవి. "నువ్వు చేత్తో నెట్టట్లేదు, భుజంతో నెడుతున్నావు" అనేవాడు.

ఎందుకిదంతా అంటే, బుల్లెట్ బయటికొచ్చే చోటు గొట్టంలో అన్నిటికన్నా బిగుతైన చోటై ఉండాలి. లోపల ఎంత గొప్పగా నడిచినా, చివరి అంగుళంలో వదులైతే మెత్తటి సీసం పట్టు తప్పుతుంది. అందుకని ఎక్కడ బిగుతుందో చూసుకుని అక్కడ కోసేవాడు. కొన్నిసార్లు కొత్త గొట్టం నాలుగంగుళాలు కోసి పారేసేవాడు. ఖరీదైన బారెల్. నాకు ప్రాణం ఉసూరుమనేది.

ఇక వెనకవైపు తూటా కూర్చునే గది, చేంబర్. లేత్ తలభాగం హెడ్‌స్టాక్‌లోంచి గొట్టాన్ని దూర్చి, ఇటు నాలుగు దవడల చక్, అటు నాలుగు మరలు, మధ్యలో డయల్ గేజి ముల్లు నేరుగా గాడిలో ఆనించి తిప్పడం. మామూలుగా అందరూ గొట్టం బయటివైపు చూసి సెంటర్ చేస్తారు. ఆయన లోపలి రంధ్రాన్నే చూసేవాడు. ముల్లు కదలకుండా నిలబడేదాకా ఈ మర పిసరు, ఆ మర పిసరు. ఒక్కోసారి పొద్దున పది గంటలకి మొదలుపెడితే భోజనం వేళకి తెమిలేది. ఆ తర్వాత రీమర్ అనే కోత పనిముట్టుతో కోత పావుగంట పని. కోయడం, బయటికి తీయడం, తుడవడం, నూనె పెట్టడం, మళ్లీ కోయడం. తూటా అంచు కూర్చోడానికి 43 థౌల చోటు వదలాలి. ఎక్కువైతే పిన్ దెబ్బ మెత్తబడుతుంది, తక్కువైతే బోల్టు మూసుకోదు.

అయ్యాక ఒక తూటా పెట్టి, బోల్టు మూసి, మెల్లగా మళ్లీ బయటికి తీసేవాడు. బుల్లెట్ భుజాల మీద గాడుల అచ్చు పడి ఉంటుంది. కళ్లద్దాల మీద ఇంకో భూతద్దం పెట్టుకుని దాన్ని వేళ్ల మధ్య తిప్పుతూ చూసేవాడు. గీతలన్నీ ఒకే పొడుగుంటే గది రంధ్రానికి సరిగ్గా నడిమధ్యన ఉన్నట్టు. ఒకవైపు గీత పొడుగు, ఒకవైపు పొట్టి అయితే ఏమీ మాట్లాడకుండా హ్యాక్సా అందుకునేవాడు.

*

నా తప్పు ఒకటి చెప్పాలి. ఇన్నేళ్లయినా తల్చుకుంటే చెవులు వేడెక్కుతాయి.

చుట్టుపక్కల ఊరి రైతు ఒకాయనకి మేం చేసిచ్చిన తుపాకీ ఉండేది. రెండు సీజన్లు బంగారంలా కొట్టింది. ఒక వేసవిలో తీసుకొచ్చి బల్ల మీద పెట్టి, "దీనికేదో దయ్యం పట్టింది" అన్నాడు. తొమ్మిది గుళ్లు ఒకే కన్నంలోకి పోతాయి. పదోది పక్కకి, పైకి, దాని ఇష్టం.

ముందు తూటాల్ని అనుమానించాం. వేరే లాట్ పెట్టాం. అదే వరస. టెలిస్కోపు మార్చాం. ఫైరింగ్ పిన్ స్ప్రింగ్ మార్చి, ఖాళీ గొట్టాల అంచు మీద దెబ్బ లోతు వరసగా పెట్టి చూశాం. తర్వాత బెడ్డింగ్. ఇనుము చెక్కలో కూర్చునే చోట ఎపాక్సీ పోసి అచ్చు తీస్తారు, అంటుకోకుండా ఇనుముకి బూట్ పాలిష్ రాసి. డయల్ గేజి పెట్టి మర వదులు చేస్తే ముల్లు కదలకూడదు. కదిలిందంటే కొత్త చెప్పు కరిచినట్టు చెక్క ఎక్కడో ఇనుముని కరుస్తోందన్నమాట. ముల్లు కదల్లేదు. మూడు శనివారాలు పోయాయి. రైతుకి పెద్ద పోటీ దగ్గరపడుతోంది.

మూడో శనివారం సాయంత్రం పెద్దాయన చెవిలో పెట్టుకునే దూది పుల్ల ఒకటి తెచ్చాడు. బారెల్ చివరి అంచుని క్రౌన్ అంటారు, బుల్లెట్‌ని ఆఖరున తాకేది అదే. దూదిని లోపలి నుంచి బయటికి, అన్నివైపులా, గాడి గాడికీ లాగుతూ వచ్చాడు. ఒకచోట ఒకే ఒక్క దూది పోగు అంచుకి చిక్కుకుని గాలికి ఊగింది. కంటికి కనిపించని గీరుడు. ఎవరో కడ్డీని ముందు నుంచి దూర్చి శుభ్రం చేశారు.

ఎవరో ఏమిటి, నేనే. వసంతకాలంలో ఆయన ఊళ్లో లేనప్పుడు సర్వీసింగ్‌కి వస్తే, వెనక నుంచి గైడ్ బిగించే ఓపిక లేక ఎదురునుంచి రెండుసార్లు కడ్డీ తోసేశాను. ఆ మాట నోట్లోంచి రాకముందే ఆయనకి తెలిసిపోయింది. నా ముఖం చూస్తే ఎవరికైనా తెలిసేది. రైతు అక్కడే ఉన్నాడు. పెద్దాయన దూది పుల్ల జేబులో పెట్టుకుని, "క్రౌన్ అరిగింది, అలా అవుతుంటుంది. పది థౌలు తీసేస్తే సరి, డబ్బు అక్కర్లేదు" అన్నాడు.

రైతు వెళ్లాక కూడా తిట్టలేదు. లేత్ మీద బారెల్ ఎక్కించి, డయల్ గేజి నా చేతికిచ్చి, తను పొయ్యి దగ్గర కుర్చీలో కూర్చున్నాడు. రాత్రి పదకొండు దాకా కూర్చున్నాడు. నేను సెంటర్ చేస్తే వచ్చి చూసి మరలన్నీ వదులు చేసేసేవాడు. అలా ఐదుసార్లు. ఆరోసారి కోయనిచ్చాడు.

*

పోటీలు పల్లెటూరి క్లబ్బుల్లో జరిగేవి. పొద్దున్నే వెళ్తే గడ్డి మీద మంచు తడి ఉండేది. బల్ల నుంచి లక్ష్యం దాకా వరసగా గాలి జెండాలు పాతేవాళ్లు. చివర్లో తోక రిబ్బన్లు, కొన్నిటికి పిల్లలాడుకునే రంగులరాట్నం లాంటి చక్రాలు. గంటకి పది మైళ్ల పక్కగాలి వీస్తే ఆ 50 గజాల్లోనే బుల్లెట్ ఓ అంగుళం పక్కకి పోతుంది. చుక్క చూస్తే చాలదు, తోకలు చూడాలి. చిత్రమేమిటంటే ఆ ఎగిరే రంగుల మధ్య కూర్చుంటే నాకు సంక్రాంతి గాలిపటాలే గుర్తొచ్చేవి.

అమెరికన్ రిమ్‌ఫైర్ అసోసియేషన్ కాగితం మీద 25 లక్ష్యాలుంటాయి. ఒక్కోదానికి ఒకే గుండు, నూరు మార్కులు. గీతకి తగిలితే తక్కువ మార్కే ఇస్తారు. 2,500 వస్తే వాడి పేరు ఏడాదంతా చెప్పుకుంటారు. 20 నిమిషాలు టైము. కొట్టమనగానే చప్పుడు మొదలయ్యేది. మీరనుకునే ఢాం ఢాం కాదు. ఈ తూటాలు శబ్దవేగం కన్నా తక్కువగా, సెకనుకి 1,050 నుంచి 1,080 అడుగుల మధ్య పోతాయి. శబ్దవేగం దాటి మళ్లీ కిందికి దిగేటప్పుడు బుల్లెట్ తూలుతుందని కావాలనే అలా చేస్తారు. అందుకని ఎండిన కందికాయ చిట్లినట్టు టప్, టప్ అంటాయి. ఇరవైమంది ఒకేసారి కొడుతుంటే కల్లంలో కంది కొడుతున్నట్టే ఉండేది.

బారెల్ చివర ట్యూనర్ అని ఒక ఇత్తడో అల్యూమినియమో బరువు ఉంటుంది, వేళ్లతో తిప్పితే క్లిక్ క్లిక్ మని ముందుకీ వెనక్కీ జరుగుతుంది. ఒకే పెట్టెలో తూటాల మధ్య కూడా 20, 30 అడుగుల వేగం తేడా ఉంటుంది. నెమ్మదిగా పోయేది కిందికి పడాలి కదా. కానీ పేలగానే బారెల్ తంబురా తీగలా ఊగుతుంది. బరువు సరైన చోట ఉంటే, ఆలస్యంగా వచ్చే బుల్లెట్ బయటపడే క్షణానికి మూతి కొంచెం పైకి లేచి ఉంటుంది. వేగమైనదీ నెమ్మదైనదీ పోయి ఒకే కన్నంలో పడతాయి. ఇది మొదటిసారి అర్థమైన రోజు నేను ఇంటికెళ్లి అన్నం తినకుండా మా ఆవిడకి గంటసేపు చెప్పాను. ఆమె విని, "అయితే తప్పుని ఇంకో తప్పుతోని సరిచేసిన్రన్నట్టు" అంది. పెద్దాయన ఇంతకన్నా బాగా చెప్పలేదు.

ఒకసారి పోటీకి ఆమె చేసిన సకినాలు పట్టుకెళ్లాను. డబ్బా తెరవగానే ముసలాళ్లందరూ మూగారు. ఒకటి చేతిలోకి తీసుకుని పెద్దాయన అటూ ఇటూ తిప్పి, "ఇది టార్గెట్" అన్నాడు. ఒకదాని చుట్టూ ఒకటి వలయాలు, నిజమే. మార్కులేసే గేజి జేబులోంచి తీసి సకినం మధ్యలో పెట్టి, భూతద్దంతో చూసి, "సెంటర్ తప్పింది, ఎనభైకి మించి ఇవ్వను" అన్నాడు. తర్వాత ఆరు తిన్నాడు. ఈ తీర్పు ఇంట్లో చెప్పడం నా పొరపాటు. మరుసటి సంక్రాంతికి ఆమె పిండి చుట్టలు తిప్పుతూ, ఒక్కోటి పక్కన పెట్టేముందు కళ్లు చిట్లించి చూడటం నాకింకా గుర్తు.

లండన్ ఒలింపిక్స్‌లో గగన్ నారంగ్‌కి కాంస్యం వచ్చినప్పుడు పెద్దాయన ఫోన్ చేసి, "హైదరాబాద్ అంటే మీ ఊరేగా?" అని అడిగాడు. అది ఎయిర్ రైఫిల్, మన పని కాదు అన్నాను. "చెయ్యి చెయ్యే కదా" అని పెట్టేశాడు.

*

నాన్న అమెరికా ఒక్కసారే వచ్చాడు. అమ్మ పోయాక, ఆరు నెలలు ఉండమని బతిమాలి తెచ్చుకున్నాను. షాపింగ్ మాల్‌కి తీసుకెళ్తే బెంచీ మీద కూర్చునేవాడు. నయాగరా చూపిస్తే "నీళ్లు మస్తున్నయి" అన్నాడు. ఒక శనివారం, ఏమైతే అది అయిందని షెడ్డుకి తీసుకెళ్లాను.

తలుపు తీయగానే నాన్న ఆగిపోయాడు. ముక్కుపుటాలు కదిలాయి. తర్వాత నన్నూ, పెద్దాయన్నీ వదిలేసి నేరుగా లేత్ దగ్గరికి పోయి పట్టాల మీద అరచెయ్యి పెట్టాడు. చొక్కా చేతులు తనంతట తనే పైకి మడిచాడు.

వాళ్లిద్దరి మధ్య భాష లేదు. నేను మధ్యలో తర్జుమా చేయబోతే ఇద్దరూ విసుక్కున్నారు. విజిటర్ వీసా అని పెద్దాయనకి గుర్తుంది. తుపాకులన్నీ బీరువాలో పెట్టి తాళం వేసి, కొత్త గొట్టం ఒకటే వైస్‌లో బిగించాడు. అప్పటికే తను సీసం నెట్టి చూసినదే. గీతలమీద టేపు అంటించి ఉంది. కడ్డీ నాన్న చేతికిచ్చి, ఒకసారి నెట్టి చూపించి, పక్కకి తప్పుకున్నాడు.

నాన్న కళ్లు మూసుకున్నాడు. చెప్పులు విడిచాడు, ఎందుకో. కడ్డీ కదులుతోందో లేదో తెలియనంత నెమ్మదిగా పోయింది. అటునుంచి సీసం ముక్క కింద పరిచిన గుడ్డ మీద పడేసరికి పొయ్యిలో కట్టె కాలి విరిగింది. నాన్న మార్కర్ తీసుకుని గీతలు పెట్టాడు. పెద్దాయన టేపు తీశాడు. మూతి వైపు గీతలు రెండూ వేలెడు తేడాలో కలిశాయి. తొమ్మిదో అంగుళం దగ్గర పెద్దాయన పెట్టిన గీత నాన్న పెట్టలేదు. పధ్నాలుగో అంగుళం దగ్గర నాన్న పెట్టింది పెద్దాయనకి లేదు.

పెద్దాయన తొమ్మిది మీద వేలు పెట్టి తల ఊపాడు. నాన్న ఇంకోసారి నెట్టి చూసి, ఒప్పుకున్నాడు, "ఔ, ఉన్నది" అని. తర్వాత పధ్నాలుగు మీద వేలు పెట్టాడు. పెద్దాయన మళ్లీ నెట్టాడు. లేదన్నాడు. నాన్న ఉందన్నాడు. పెద్దాయన లేదన్నాడు. "ఉన్నది సర్, గట్టిగ చూడున్రి" అని తెలుగులోనే అన్నాడు నాన్న. సాయంత్రం దాకా ఇదే. చివరికి పెద్దాయన నవ్వి, ఆ సీసం ముక్కని పాత టార్గెట్ కాగితంలో చుట్టి, నాన్న చేత దానిమీద సంతకం పెట్టించి, తన బిస్కెట్ల రేకు డబ్బాలో వేసుకున్నాడు. ప్రతి బారెల్ సీసమూ అలా కాగితంలో చుట్టి దాచడం ఆయన పద్ధతి.

కారులో నాన్న చాలాసేపు మాట్లాడలేదు. హైవే ఎక్కాక, "ఆయన చెయ్యి మంచిది. గని పద్నాలుగు కాడ ఉన్నదిరా" అన్నాడు.

*

పెద్దాయన చనిపోయిన వేసవిలో ఆయన కూతురు షెడ్డులో సామాను వేలం వేసింది. అక్కడ అది మామూలే, మనిషి పోయాక పెరట్లో బల్లలు వేసి అన్నీ అమ్మేస్తారు. వేలం పాటగాడు గుక్కతిప్పుకోకుండా అంకెలు పాడుతుంటే, లేత్ ఎవరో ఫ్లాట్‌బెడ్ ట్రక్కు మీద కట్టుకుని పోయారు. రీమర్లు చెక్కపెట్టెతో సహా ఒక కుర్రాడు కొన్నాడు. మంచివాడే, నాకు తెలుసు. ఆ లేత్ ఉన్నచోట నేల మీద నూనె మరక చతురస్రంగా మిగిలింది.

బిస్కెట్ల డబ్బాకి ఎవరూ పాట పాడలేదు. పాటగాడు ఒక డాలర్ అన్నాడు, నేను చెయ్యెత్తాను.

డబ్బా మొత్తం ఇండియాకి తెచ్చే ధైర్యం చెయ్యలేదు. ఎయిర్‌పోర్టు ఎక్స్‌రేలో వందల కొద్దీ సీసపు ముక్కలు కనిపిస్తే ఎవరికి చెప్పుకోను. ఆ రీమర్ల కుర్రాడికే ఇచ్చేశాను. ఇచ్చే ముందు రాత్రి ఒక్కొక్క పొట్లం విప్పి చూశాను. ప్రతిదానిమీదా బారెల్ నంబరు, కొలతలు. నాన్నది అడుగున దొరికింది. సీసం తీసేసి కాగితం మాత్రం ఉంచుకున్నాను, ఇక్కడ నాన్న మైక్రోమీటర్ పెట్టెలో పెట్టాను.

మొన్న కేకు తిన్నాక అది మళ్లీ తీశాను. మడతలు చిరుగుతున్నాయి. ఒక మూల తెలుగులో నాన్న సంతకం, వంకరగా. దాని కింద పెన్సిల్‌తో పెద్దాయన రెండు ముక్కలు రాశాడు. పై మాట ఆరోజే రాసి ఉంటాడు. కింది మాట పెన్సిల్ ముదురుగా ఉంది, తర్వాతెప్పుడో రాసింది.

"9 దగ్గర ఆయన వదిలేశాడు."

"14 దగ్గర నేను వదిలేశాను."

నేను ఆ డబ్బా కొన్ననాటికి నాన్న పోయి రెండేళ్లు.